కెల్టిక్ క్రాస్ (టారో అమరిక)

కెల్టిక్ క్రాస్ అనునది టారో కార్డులతో జోస్యం చెప్పేవారిలో బాగా ప్రచారంలో ఉన్న ఒక అమరిక. పేకను కలిపి, కోసి, పది ముక్కలను నిర్ణీత స్థానాలలో పరచి, ఏ స్థానంలో ఏ ముక్క పడినదో దానినిబట్టి అర్థం చెప్పటం ఇందులోని పద్ధతి. ఆరు ముక్కలు శిలువ ఆకారంలోను, మిగిలిన నాలుగు దాని కుడిపక్కన నిలువు వరుసలోను ఉంటాయి. ఇటువంటి అమరికలన్నింటికీ ఆధారం ఒక్కటే: ముక్కపైనున్న బొమ్మ సమాధానానికి సామగ్రి మాత్రమే, ప్రశ్నను నిర్ణయించేది స్థానం. అందువలన అమరికను రూపొందించటమంటే ప్రశ్నలను ముందుగా ఏర్పరచుకోవటమే.

టారో పేక

టారో పేకలో 78 ముక్కలుంటాయి. వీటిలో 22 ముక్కలను మేజర్ ఆర్కానా అని, 56 ముక్కలను మైనర్ ఆర్కానా అని అంటారు. మైనర్ ఆర్కానాలో దండాలు, పాత్రలు, కత్తులు, నాణేలు అనే నాలుగు రంగులు ఉన్నవి. మనం ఆడే పేకలో ఒక్కొక్క రంగుకు 13 ముక్కలు ఉండగా ఇందులో 14 ఉంటాయి. అశ్వికుడు అదనం.

చరిత్ర

టారో పుట్టినది జోస్యం కొరకు కాదు. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ఇది తురుపు ముక్కలు గల ఒక పేకాటగా మొదలయినది. 1781లో ఫ్రాన్సుకు చెందిన ఆంట్వాన్ కూర్ ద జెబెలిన్ దీనిని ప్రాచీన ఈజిప్టు పూజారుల విజ్ఞానమని వ్రాశాడు. అప్పటికి ఈజిప్టు చిత్రలిపిని చదవగలిగినవారు లేరు. 1822లో షాంపోలియన్ ఆ లిపిని ఛేదించిన తరువాత కూడా ఈ వాదానికి ఆధారమేదీ దొరకలేదు. ఎట్టేయా అనే పేరుతో ప్రసిద్ధుడయిన జాన్ బాప్టిస్ట్ అల్లియెట్ 1785 నుండి టారోతో జోస్యం చెప్పే పద్ధతులను ప్రచురించాడు.

కెల్టిక్ క్రాస్‌ను ప్రచారంలోకి తెచ్చినవాడు ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ (1857–1942). పమేలా కోల్మన్ స్మిత్ (1878–1951) బొమ్మలు గీసిన పేకను లండనులోని రైడర్ సంస్థ 1909లో వెలువరించినది. 1911లో వచ్చిన సచిత్ర గ్రంథంలో వెయిట్ ఈ అమరికను ప్రాచీన కెల్టిక్ పద్ధతిగా పరిచయం చేశాడు. ఈ విశేషణాన్ని నమ్మవలసిన పని లేదు. ఐరోపాకు పేకముక్కలు చేరినదే 14వ శతాబ్దంలో. ఆ పేక చాలాకాలం రైడర్-వెయిట్ పేక అనే పేరుతోనే చెలామణి అయినది. చిత్రకారిణి పేరు కూడా చేర్చి చెప్పటం ఇటీవలి అలవాటు. మైనర్ ముక్కలపై ఉత్త గుర్తులకు బదులు మనుషులు, సంఘటనలు గల దృశ్యాలను ఆమె గీయటం వలననే కొత్తవారికి కూడా ముక్కలు చదవటం సులభమయినది.

అమరే విధానం

వెయిట్ పద్ధతిలో ముందుగా ప్రశ్న అడిగే వ్యక్తికి ప్రతినిధిగా ఒక ముక్కను ఎంచి మధ్యలో ఉంచుతారు. రాజు, రాణి వంటి బొమ్మ ముక్కలలో ఏది తీయాలో వయసునుబట్టి, రంగు ఏదో జుట్టు, కళ్ళ ఛాయనుబట్టి నిర్ణయిస్తారు. మిక్కిలి నల్లని ఛాయ గలవారికి నాణేలు. ఈ లెక్కన భారతీయులలో అధికభాగం ఒకే రంగులోకి వస్తారు. స్వభావాన్నిబట్టి కూడా ఎంచవచ్చునని వెయిట్ వ్రాసి ఉండటం వలన చిక్కు కొంత తీరినది. నేడు చాలామంది ప్రతినిధి ముక్కను వదిలివేస్తున్నారు.

మొదటి ముక్క ప్రతినిధిపై పడుతుంది. అది ప్రస్తుత పరిస్థితి. రెండవది దానికి అడ్డంగా పడే ఆటంకం. మూడవది పైన, నాలుగవది క్రింద. పైనున్నది ఆశయం లేదా సాధ్యమయ్యే మేలు, క్రిందనున్నది ఇప్పటికే స్వంతమయిన పునాది. ఐదవది గడచిపోతున్న ప్రభావం, ఆరవది రాబోతున్నది. ఇక నిలువు వరుసలో క్రిందినుండి పైకి: ఏడు ఆ వ్యక్తి, ఎనిమిది ఇల్లు మరియు పరిసరాలు, తొమ్మిది ఆశలు, భయాలు, పది ఫలితం. తొమ్మిదవ స్థానంలో ఆశను, భయాన్ని ఒకే చోట ఉంచటం ఈ అమరికలోని చక్కని ఆలోచన. కొందరు రచయితలు మూడు, నాలుగు స్థానాలను తారుమారు చేశారు. కావున ఏ పుస్తకం అనుసరించినా ముక్కలు పరచక ముందే స్థానాల అర్థం నిశ్చయించుకొనవలెను. పరచిన తరువాత మార్చితే నచ్చిన సమాధానమే వస్తుంది.

కొత్త అమరికను రూపొందించుట

గతం, వర్తమానం, భవిష్యత్తు అనే మూడు ముక్కల అమరిక అందరికీ తెలిసినదే. కాని అది ఏ ప్రశ్నకయినా అతికేటట్లు ఉండటం వలన దేనికీ పూర్తిగా పనికిరాదు. ఉదాహరణకు వేరే ఊరిలో ఉద్యోగం వచ్చిన వ్యక్తి వెళ్ళాలా వద్దా అని అడిగితే, వెళ్తే పొందేది, వెళ్తే వదులుకొనేది, నేను చూడనొల్లనిది అనే మూడు స్థానాలు మేలు. కళ్ళకు గంతలు కట్టుకొని రెండు కత్తులు పట్టుకున్న స్త్రీ బొమ్మ (రెండు కత్తుల ముక్క) మూడవ స్థానంలో పడితే, వాయిదా వేయటం కూడా ఒక నిర్ణయమేనని అతడు ఆలోచిస్తాడు. ఆ ముక్కే పొందేది అనే స్థానంలో పడితే మాట పూర్తిగా వేరు.

ఒకే ప్రశ్నను రెండు పేర్లతో అడిగే స్థానాలు ఉండరాదు. జవాబును ముందే ఊహించుకొనే స్థానాలు మరింత చెడ్డవి. "ఆమె ఎప్పుడు తిరిగి వస్తుంది" అనే స్థానం పెడితే ఆమె తిరిగి వస్తుందని ముందే ఒప్పుకున్నట్లు. అక్కడ ఏ ముక్క పడినా ఎదురుచూపు పొడిగించబడుతుంది.

చదివే విధానం, లెక్కలు

అనుభవజ్ఞులు విడివిడి ముక్కలకంటే ముందు మొత్తాన్ని చూస్తారు: ఏ రంగు ఎక్కువ, మేజర్ ముక్కలెన్ని అని. ఇక్కడ కొంచెం గణితం అవసరం. పది ముక్కలు తీస్తే సగటున దాదాపు మూడు మేజర్ ముక్కలు వస్తాయి. కావున మూడు వచ్చినంత మాత్రాన విధి బలమయినదని చెప్పటం తొందరపాటు. మృత్యువు ముక్క కూడా సుమారు ఎనిమిది అమరికలలో ఒకదానిలో కనబడుతుంది. దానికి మరణమని కాక ఒక దశ ముగియటమని అర్థం చెప్పటం వాడుక. అది ఐదవ స్థానంలో పడితే ముగింపు గడచిపోయినది, పదవ స్థానంలో పడితే రావలసి ఉన్నది.

ముక్కలు భవిష్యత్తును చూపుతాయనుటకు శాస్త్రీయమయిన ఆధారం లేదు. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వవేత్త 39 మంది విద్యార్థులకు ఒకే వర్ణనను ఎవరికి వారిదని చెప్పి ఇచ్చాడు. 5కు సగటున 4.26 మార్కులు వేసి అది తమకు సరిపోయినదని వారు చెప్పారు. పది స్థానాలు, పది బొమ్మలు ఉన్నచోట ఏదో ఒకటి తగలకపోదు. కనుక వ్యాధి, కోర్టు వ్యవహారం, పిల్లల చదువు వంటివాటిలో పదవ ముక్కను తీర్పుగా తీసుకొనరాదు. తొమ్మిదవ ముక్క దగ్గర మనసులోని భయాన్ని పైకి చెప్పుకోవటం వేరు, శస్త్రచికిత్స మానుకోవటం వేరు.

పదవ ముక్క రాజు, రాణి వంటి బొమ్మ ముక్క అయితే, వ్యవహారం ఆ ముక్క సూచించే వ్యక్తి చేతిలోకి పోవునని వెయిట్ చెప్పినాడు. అట్టి సందర్భంలో ఆ ముక్కనే ప్రతినిధిగా మధ్యలో ఉంచి, పేకను మరల కలిపి, అమరికను మొదటినుండి పరచవలెను.