రాయవేలూరి పనిముట్ల అంగడి

ఇటీవల గుడియాత్తమునందలి మా బంధువుల కొయ్యపని కొట్టులో బ్యాండ్‌సా యంత్రపు రంపపు పట్టీ తెగిపోయెను. ఎప్పటివలె మరియొకటి కొని తెచ్చుటకు రాయవేలూరు పోయి చూడగా, మూడు తరములుగా మావారెరిగిన పనిముట్ల అంగడి మూతపడి యుండెను. ఆ చోట సెల్‌ఫోనుల దుకాణము వెలసినది. తుదకు పట్టీని దూరమునుండి తెప్పించుకొంటిమి. అది రెండంగుళములు పొట్టిదై వచ్చినందున తిరిగి పంపవలసి వచ్చెను. విషయము చిన్నదే. అయినను, ఒక అంగడి మూతపడినప్పుడు ఊరు పోగొట్టుకొనునది సరకు మాత్రమేనా యను సందేహము మాకు కలిగినది.

1911 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లా యేర్పడువరకు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు, వేలూరు, గుడియాత్తము అన్నియు ఉత్తరార్కాటు జిల్లాలోనివే. పలమనేరు వైపు కొండలనుండి దిగివచ్చు కౌండిన్యనది గుడియాత్తము మీదుగా పారి పాలారులో కలియుచున్నది. కావున తెలుగువారికి ఇది వలసవచ్చిన పరాయిసీమ కాదు. జిల్లా సరిహద్దే తరువాత వచ్చినది.

గుడియాత్తము చేనేతకు, అందును లుంగీలకు, పేరుపడిన యూరు. మగ్గమనిన నేతగాని చేతిపని మాత్రమే కాదు. దాని చట్రమును, పలకను, నాడెను కొయ్యతో తీర్చవలసినవాడు వడ్రంగి. నేతగాడున్నచోట వడ్రంగి యుండెను. వడ్రంగి యున్నచోట పనిముట్ల అంగడియు నుండెను. మనము చిత్రిక యనుదానిని తమిళులు ఇళైప్పుళి యందురు. మన బాడిస వారికి వాచ్చి. ఉలి, రంపము మాత్రము ఇరువురికిని ఇంచుమించు ఒక్కటే. రెండు భాషలు నెరిగిన అంగడివాడు ఏ పేరుతో అడిగినను ఆ వస్తువునే చేతిలో పెట్టెడివాడు.

ఆ అంగడులలో పూర్వము షెఫీల్డు ముద్రగల రంపములకును ఉలులకును మిక్కిలి గౌరవము. అయితే ఆ ఉక్కు చరిత్రలో మన భాగమును కొంత కలదు. తెలంగాణములోని కోనసముద్రము మొదలైన తావులలో మూసలలో కరగించి తీసిన ఉక్కు పూర్వము విదేశములకు పోయెడిది. ఆంగ్లేయులు దానిని ‘వూట్జ్’ అనిరి. ఆ పేరు మన ‘ఉక్కు’ శబ్దమునుండియే వచ్చెనని పలువురి యభిప్రాయము. 1795లో జార్జి పియర్సన్ దానినిగూర్చి లండను రాయల్ సొసైటీవారికి వ్యాసము సమర్పించెను. 1820 ప్రాంతమున స్టోడార్టు, ఫారడేలు దానిపై పరిశోధనలు చేసిరి. మద్రాసు సర్కారు కొలువులోనుండిన జోషయా మార్షల్ హీత్ 1830లో పరంగిపేటలో ఇనుప కర్మాగారమును స్థాపించెను. పిదప స్వదేశమునకు పోయి, ఉక్కులో మాంగనీసును చేర్చు పద్ధతికి 1839లో పేటెంటు పొందెను. ఆ పద్ధతివలన షెఫీల్డు ఉక్కు చౌకయయ్యెను గాని, దాని ఫల మాతనికి దక్కలేదు. పరంగిపేట కర్మాగారమును నిలువలేదు. ఈవిధముగా ఉక్కు విద్యకు పేరుగాంచిన దేశము అన్యుల ముద్రగల ఉక్కును కొనునదయ్యెను.

బ్యాండ్‌సా కథయు అట్టిదే. 1808లో విలియం న్యూబెరీ యను ఆంగ్లేయుడు దానికి పేటెంటు పొందెను. అయితే పట్టీ రెండు కొసలను తెగకుండ నతికించు నేర్పు నాటికి లేకపోవుటచే యంత్రము నెలకొనలేదు. 1846లో క్రెపాఁ యను ఫ్రెంచి మహిళ అతుకునకు మేలైన మార్గము కనిపెట్టెను. పారిసునందలి పెరాఁ సంస్థ దానిని వాడుకలోనికి తెచ్చెను. అనగా యంత్రమంతయు ఒక అతుకు కొరకు ముప్పదియెనిమిది సంవత్సరములు వేచియుండెనన్నమాట.

నేటికిని ఆ యంత్రమునకు ప్రాణము అతుకే. కొసలను ఏటవాలుగా రాచి, ఒకదానిపై నొకటి యుంచి, వెలిగారము చల్లి, వెండి టంకముతో అతికించి, ఆ చోటి పెళుసుదనము పోవునట్లు మరల మెల్లగా కాచవలెను. ఇది తెలిసిన అంగడివాడు చుట్టలోనుండి కొలత ప్రకారము పట్టీని కోసి అతికి యిచ్చెడివాడు.

కొలతయు అతడు నేర్పినదే. చక్రములు రెండును సమానమైనచో, వాని కేంద్రముల నడిమి దూరమును రెట్టించి, దానికి ఒక చక్రపు చుట్టుకొలతను చేర్చవలెను. 18 అంగుళముల చక్రములు, 36 అంగుళముల దూరము అయినచో, పట్టీ పొడవు సుమారు 128న్నర అంగుళములు. కొలుచునప్పుడు పై చక్రము తన కదలికకు నడుమ నుండవలెను. లేనిచో బిగించుటకు చోటుండదు. పట్టీ మందము చక్రపు వ్యాసములో వేయింట నొక వంతునకు మించినచో త్వరలో పగుళ్లు వచ్చును. వంపులు కోయుటకు సన్ననిపట్టీ, దుంగను పలకలుగా చీల్చుటకు వెడల్పుపట్టీ. లావు కొయ్యకు పండ్లు దూరదూరముగా నుండవలెను. పలుచని చెక్కకు దగ్గరగా నుండి, ఎల్లప్పుడు మూడు పండ్లయినను కొయ్యలో నుండవలెను. పాతపట్టీ విరిగిన తీరు చూచియే ఆ వృద్ధుడు తప్పు పట్టీదా, బిగింపుదా, మోటైన పండ్లదా యని చెప్పెడివాడు.

ఇట్టి అంగడులు మూతపడుటకు కారణము లొకటి రెండు కావు. 1996 డిసెంబరు 12వ తేదీన గోదావర్మన్ వ్యాజ్యములో సర్వోన్నత న్యాయస్థానము, అనుమతిలేక అడవులలో సాగు సా మిల్లుల పనిని ఆపించెను. 2002 అక్టోబరు 30వ తేదీన, కేంద్ర సాధికార సంఘపు అనుమతిలేక క్రొత్త మిల్లులు తెరువరాదని ఆదేశించెను. అడవుల రక్షణకై వచ్చిన యీ తీర్పులను మేము ఆక్షేపింపము. ప్లైవుడ్డును, ఇనుప కిటికీలును, ప్లాస్టిక్కు తలుపులును వచ్చుటతో కొయ్యపని తగ్గినది. ఇంటికే సరకు చేరుటతో అంగడికి పోవువారును తగ్గిరి. చౌకగా దొరకినచోట కొనినవారిలో మేమును ఉంటిమి. అంగడి మూతపడిన పిదప విచారించు మాకు ఆ పాపములో పాలులేదని చెప్పజాలము.

పట్టీని ఎచ్చటనుండియైనను తెప్పించుకొనవచ్చును. పాతపట్టీని చూచి తప్పు చెప్పు కన్నును, చిత్రిక యని యడిగినవానికి చిత్రిక నందించు చేయిని తెప్పించుకొన లేము. మన పిల్లలు బడిలో తెలుగు నేర్చు అవకాశము సన్నగిల్లిన యీ కాలమున, పనిముట్ల పేర్లును పోయినచో మన నోట మిగులు తెలుగు పెండ్లిపత్రికలలోని తెలుగు మాత్రమే యగును.

కావున ఈ సంఘము ఒక చిన్న పని తలపెట్టవలెనని మా మనవి. వేలూరు, గుడియాత్తములలో నింకను పనిచేయుచున్న వృద్ధ వడ్రంగుల యొద్దకు యువకులు పోయి, ప్రతి పనిముట్టు పేరును తెలుగునను తమిళమునను వ్రాసికొని, పటము తీసి, దాని కొలతయు వాడుకయు చేర్చి, రానున్న సంచికలో ప్రకటింపవలెను. అంగడి తలుపు తిరిగి తెరువ మన చేతిలో లేదు. ఆ అంగడిలో వినిపించిన మాటలను నిలుపుట మాత్రము మన చేతిలోనే యున్నది.