కోల్‌కతాలో ఇంటి స్థలం: కొలతకన్నా ముందు చూడవలసినది

కోల్‌కతాలో ఇంటి స్థలాన్ని గజాల్లో కాక కాఠాల్లో అమ్ముతారు. ఒక కాఠా 720 చదరపు అడుగులు, అంటే సరిగ్గా 80 గజాలు. అందులో పదహారో వంతు ఛటాక్. 20 కాఠాలు ఒక బిఘా.

కొలత తేలికే. చిక్కంతా నేల స్వభావంతోనే. శివార్లలో స్థలం కొనేవారు ‘పర్చా’ అనే హక్కుల పత్రాన్ని తప్పక చూడాలి. అందులో దాగ్ నంబరుతో (మన సర్వే నంబరు వంటిది) పాటు భూమి తరగతి నమోదై ఉంటుంది. ‘బాస్తు’ నివాస స్థలం, ‘శాలి’ వరి పొలం, ‘పుకుర్’ చెరువు. శాలి భూమిలో ఇల్లు కట్టాలంటే 1955 నాటి పశ్చిమ బెంగాల్ భూ సంస్కరణల చట్టం కింద మార్పిడి అనుమతి అవసరం.

పుకుర్ సంగతి వేరు. కళ్లెదుట చదునైన నేల కనిపించినా, రికార్డులో అది చెరువు కావచ్చు. 5 కాఠాలు, అంతకు మించిన జలాశయాలను పూడ్చడాన్ని రాష్ట్ర మత్స్య చట్టం నిషేధిస్తోంది. తూర్పున 12,500 హెక్టార్ల చిత్తడి నేలలకు 2002లో రామ్‌సర్ గుర్తింపు లభించింది. వాటి రక్షణకు 2006లో ప్రత్యేక చట్టం వచ్చింది. హైదరాబాద్ చెరువుల ఎఫ్‌టీఎల్ వివాదాలు ఎరిగినవారికి ఇది కొత్త కథేమీ కాదు.

సాల్ట్ లేక్‌లో మరో మెలిక ఉంది. అక్కడ ప్రభుత్వం ప్లాట్లను 999 ఏళ్ల లీజుకు ఇచ్చింది. కనుక అమ్మజూపేవారు యజమానా, లీజుదారా అన్నది బయానా ఇవ్వకముందే తేల్చుకోవాలి.