గాలికొండ దగ్గర ఆగిన గేరు

మా పెదనాన్న కారు ఒక్కరోజులో చావలేదు. గాలికొండ మలుపులో అది ఆగిపోయిన రోజే అందరికీ గుర్తుంది. కానీ ఆ చావు అంతకు రెండేళ్ల ముందే మొదలైంది. మొదట్లో అదొక సన్నని కూత, అంతే. ఇంట్లో అందరూ విన్నారు. దానికి వైద్యాలూ జరిగాయి. జరిగిన ప్రతి వైద్యం ఆ కూతను కొన్నాళ్లు అణచింది, కారు ఆయుష్షును ఇంకొంత తగ్గించింది. ఈ కథ చెప్పుకోవాలి. ఎందుకంటే అలాంటి పాత పెద్ద కార్లు విశాఖలో, విజయనగరంలో, రాజమండ్రిలో ఇంకా ఎన్నో ఇళ్ల ముందు ఉన్నాయి. వాటిలో కొన్ని ఈపాటికే కూస్తున్నాయి కూడా.

పెదనాన్న ఓడల్లో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన కారు కొన్నది హోదా కోసం కాదు, ఆ యంత్రం మీద ప్రేమతో. అప్పటికే పదేళ్లు దాటిన జర్మన్ కారు. కొత్తదైతే ఆయన ఉద్యోగమంతా చేసి దాచినా అందేది కాదు. పాతదయ్యాక చిన్న కొత్త కారు ధరకే దొరికింది. ఇలాంటి కార్ల విషాదమంతా ఈ లెక్కలోనే ఉంది. ఏడాదేడాదికీ కారు ధర పడిపోతుంది. విడిభాగాల ధర పడిపోదు.

ఆ కారులో ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆటోమేటిక్ గేరు. ఇంజనుకూ గేర్లకూ మధ్య మామూలు క్లచ్ ఉండదు, ఆయిలుతో నిండిన టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఇంజను ఒక రెక్కల చక్రాన్ని తిప్పితే అది ఆయిలును విసురుతుంది. ఆ ఆయిలు ఎదురుగా ఉన్న రెక్కల చక్రాన్ని తిప్పుతుంది. ఈ ఆలోచన పుట్టింది కార్ల కోసం కాదు, ఓడల కోసం. 1905లో జర్మనీలో ఓడల కర్మాగారంలో పనిచేసే హెర్మన్ ఫొటింగర్, టర్బైను వేగాన్ని ప్రొపెల్లరుకు తగినట్టు తగ్గించే మార్గం వెతుకుతూ దాన్ని కనిపెట్టాడు. తర్వాత మూడున్నర దశాబ్దాలకు, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కారులో జనరల్ మోటార్స్ హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేరుబాక్సు పెట్టి అమ్మింది. మన రోడ్ల మీద అంబాసిడర్లు, పద్మినీలు తిరిగినంత కాలం అలాంటి గేరును కళ్లతో చూసినవాళ్లే తక్కువ. 1991 సంస్కరణల తర్వాతే విదేశీ పెద్ద కార్లతో పాటు అదీ మన ఊళ్లకు చేరింది. సముద్రంలో బతికిన మనిషికి, ఓడ కోసం పుట్టిన యంత్రం తన వాకిట్లో నిలబడి ఉందన్న సంగతి గొప్ప సంతోషాన్నిచ్చేది. వచ్చిన ప్రతివాళ్లకూ ఫొటింగర్ కథ చెప్పేవారు.

ఏటా కార్తీకంలో ఆ కారు కొండ ఎక్కేది. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాకా చదునైన రోడ్డు. అక్కడి నుంచి కాశీపట్నం, అనంతగిరి మీదుగా మలుపు మీద మలుపు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ తోటలు, ఆ చెట్లను అల్లుకుని మిరియాల తీగలు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి 1960లలో కొండల్ని తొలిచి వేసిన కిరండూల్ రైలు మార్గం అక్కడక్కడ సొరంగంలోంచి బయటికొచ్చి మళ్లీ సొరంగంలో దూరుతుంటుంది. ఆ దారిలోని శిమిలిగుడ స్టేషను సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. రోడ్డు గాలికొండ దగ్గర వెయ్యి మీటర్లు దాటి ఎక్కుతుంది. పెదనాన్న బొర్రా గుహల్లో శివుడికి దండం పెట్టుకుని, వలిసె పూలతో పసుపు పరిచిన లోయ చూసి, సాయంత్రానికి దిగేవారు. అన్నేళ్లూ ఆ కారు ఒక్కసారి కూడా ఆయన్ని దారిలో వదల్లేదు.

కూత మొదలైంది ఒక చలికాలపు ఉదయాన. ఇంజను స్టార్ట్ చేసి, గేరు పార్కింగులోనే ఉండగా, కాలు కొంచెం ఆక్సిలరేటరు మీద పెడితే సన్నగా, పైకి పోయే కూత. ఇంజను వేగం పెరిగితే పెరిగేది, తగ్గితే తగ్గేది. పది నిమిషాలు నడిచాక మాయమయ్యేది.

తెలిసినవాళ్లకు ఆ ఒక్క లక్షణంలోనే రోగం పేరు ఉంది. కారు కదలకుండానే కూత వస్తోందంటే చక్రాల బేరింగులవి కావు, వెనక డిఫరెన్షియలూ కాదు. ఇంజను వేగంతోనే పెరుగుతోందంటే, ఇంజనుతో పాటు తిరిగేదేదో కూస్తోంది. గేరుబాక్సు ముందు భాగంలో, కన్వర్టర్ తిప్పే ఆయిలు పంపు ఉంటుంది. అడుగున ఉన్న ఆయిలును ఫిల్టరు గుండా పీల్చి అన్ని భాగాలకూ పంపేది అదే. ఫిల్టరు మురికితో మూసుకుపోయినా, ఆయిలు తగ్గినా పంపుకు నిండుగా అందదు. పీల్పుడులో బుడగలు పుట్టి పగులుతాయి. ఆ పగుళ్ల శబ్దమే కూత. చలిలో ఆయిలు చిక్కబడి ఫిల్టరు దాటడం ఇంకా కష్టం, అందుకే ఉదయాన్నే ఎక్కువ. ఆ రోజున అడుగు ట్రే విప్పి, ఫిల్టరు మార్చి, సరైన రకం ఆయిలు పోస్తే కథ అక్కడితో ముగిసేది.

అది జరగలేదు. కారుతో వచ్చిన పుస్తకంలో గేరుబాక్సు ఆయిలు జీవితాంతం మార్చనక్కర్లేదని ఉంది. ఓడ ఇంజన్ల ఆయిలును గంటల లెక్కన మార్పించిన మనిషి, అచ్చులో ఉన్న మాటను నమ్మారు. అదే కాలంలో గేరుబాక్సులు తయారుచేసే జర్మన్ సంస్థ జెడ్‌ఎఫ్, తన ఆటోమేటిక్ గేరుబాక్సులకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదంటే ఎనిమిదేళ్లలోపు ఆయిలు మార్చమని చెబుతూనే ఉంది. మా కారు ఈ రెండు గీతలనూ ఎప్పుడో దాటింది.

మొదటి మెకానిక్ చాలా ఏళ్ల అనుభవం ఉన్నవాడు. "ఆయిలు ముట్టుకోకండి సార్. పాత ఆయిలు తీసేత్తే గేరు పట్టు వదిలేత్తాది" అన్నాడు. షెడ్లన్నిటా ఈ మాట ఉంది, అందులో సగం నిజమూ ఉంది. లోపలి క్లచ్ ప్లేట్లు బాగా అరిగిపోయాక, వాటి పొడి కలిసిన పాత ఆయిలే కొంత పట్టునిస్తుంది. కొత్త ఆయిలు పోస్తే అరుగుదల బయటపడుతుంది. కానీ ఆ మాట చివరి దశలో ఉన్న గేరుబాక్సుకు వర్తిస్తుంది. మా కారు అప్పటికి ఆ దశలో లేదు. అతను మట్టం మాత్రం చూశాడు. అదీ ఇంజను ఆపి, చల్లగా ఉన్నప్పుడు. ఇంజను ఆగితే కన్వర్టర్‌లోని ఆయిలు కొంత కిందికి దిగి అడుగు నిండినట్టు కనిపిస్తుంది. ఇలాంటి గేరుబాక్సుల్లో మట్టం చూడాల్సింది ఇంజను తిరుగుతుండగా, కంపెనీ చెప్పిన వేడిలో. "ఆయిలు నిండుగా ఉంది" అని తేల్చారు. నిజానికి తక్కువగా ఉంది. కూలర్ గొట్టం అతుకు దగ్గర చెమర్చి చుక్కచుక్కగా పోతోంది.

రెండో చోట ఒక సీసా పోశారు. శబ్దం పోగొట్టే మందు. చిక్కని ద్రవం. కూత నిజంగానే తగ్గింది. ఇంట్లో అందరూ సంబరపడ్డారు. ఆటోమేటిక్ గేరు ఆయిలు ఒట్టి కందెన కాదు. ఒత్తిడితో వాల్వులను కదుపుతుంది, వేడిని మోసుకుపోతుంది, క్లచ్ ప్లేట్లు ఎంత జారాలో ఎంత పట్టాలో నిర్ణయిస్తుంది. దాని గుణం మారితే అన్నీ మారతాయి. కొన్ని నెలలకు అరవై డెబ్బై కిలోమీటర్ల వేగంలో కారు సన్నగా వణకడం మొదలెట్టింది. కన్వర్టర్‌లోని వేగం అందుకున్నాక ఇంజనునూ గేర్లనూ నేరుగా కలిపే లాకప్ క్లచ్ పట్టీపట్టక జారుతున్నప్పుడు వచ్చే వణుకు అది.

మూడో చోట ఆ వణుకును చూసి గేరుబాక్సు కింద రబ్బరు మౌంటింగులు మార్చారు. పాతవి చితికిపోయిన మాట నిజమే. కొత్త రబ్బరు వణుకును బాడీకి చేరకుండా ఆపింది. లోపల జారుడు మాత్రం ఆగలేదు. లోపల కూర్చున్నవాళ్లకు ఏమీ తెలియకుండా కారు అరిగిపోతూ వచ్చింది.

ఆ ఏడు కార్తీకంలో పెదనాన్న మళ్లీ కొండ ఎక్కారు. కారు చప్పుడు లేకుండా నడుస్తోంది కాబట్టి బాగుందనుకున్నారు. ఘాట్ రోడ్డు ఆటోమేటిక్ గేరుకు అన్నిటికన్నా కఠినమైన పరీక్ష. మలుపుల్లో వేగం రాదు, వేగం రానిదే లాకప్ క్లచ్ పట్టదు. ఎక్కినంత సేపూ కన్వర్టర్‌లో ఆయిలు సుడులు తిరుగుతూనే ఉంటుంది, వేడెక్కుతూనే ఉంటుంది. గేరు రెండుకీ మూడుకీ మధ్య ఊగుతుంది. ప్రతి మార్పులో ప్లేట్లు కొంచెం జారతాయి. మామూలుగా ఎనభై తొంభై డిగ్రీల దగ్గర ఉండాల్సిన ఆయిలు 120 దాటితే త్వరగా పాడవుతుంది. తక్కువ ఆయిలు, మూసుకున్న ఫిల్టరు, గుణం మారిన ద్రవం. వీటన్నిటితో ఆ కారు అనంతగిరి దాకా ఎక్కింది. దాని పుట్టుక అంత గట్టిది.

గాలికొండకు ముందు మలుపులో ఇంజను గట్టిగా అరిచింది, కారు కదల్లేదు. రివర్సు పడింది గానీ ముందుకు పోయే గేరు ఒక్కటీ పట్టలేదు. కింద నుంచి కాలిన వాసన. ఆ రోజు సుంకరమెట్ట సంత. పసుపు, చింతపండు, అడ్డాకుల మోపులతో కిక్కిరిసిన జీపులు పోతున్నాయి. రెండు జీపుల వాళ్లు ఆగి, సంతకు పోతున్న ఆడవాళ్లు కూడా చెయ్యి వేసి, కారును పక్కకు నెట్టారు. ఒక జీపు డ్రైవరు వంగి చూసి అన్నాడు: "మా బండయితే తాడు కట్టి లాక్కుపోతాం బాబూ. ఇది ఏరే రకం. తెలిసినోళ్లని అడిగి కదపండి."

ఆ మాట ఒక్కటే ఆ రెండేళ్లలో కారు గురించి ఎవరైనా అన్న సరైన మాట. దాన్ని వినలేదు. పొద్దు వాలుతోందనే తొందరలో, వెంట ఉన్న బంధువులు ఒక లారీ మాట్లాడి, ఇనుప కడ్డీతో బిగించి, న్యూట్రల్‌లో శృంగవరపుకోట దాకా దించారు. వెనక చక్రాలు నేల మీద తిరుగుతున్నంత సేపూ గేరుబాక్సు వెనక సగం తిరుగుతూనే ఉంటుంది. ఇంజను ఆగింది కాబట్టి పంపు ఆగింది. చుక్క ఆయిలు అందకుండా కొండ పొడుగునా పళ్లు, బేరింగులు ఒట్టి ఇనుముగా ఒరుసుకున్నాయి. ఇంజను ఆగిన కారుకు బ్రేకు బూస్టరూ పనిచెయ్యదు. ఆ దిగుడులో మనుషులు క్షేమంగా దిగడమే అదృష్టం.

విశాఖలో గేరుబాక్సు విప్పిన రోజు పెదనాన్న పక్కనే నిలబడ్డారు. అడుగు ట్రేలోని అయస్కాంతాల మీద సన్నని బూడిద రంగు పొడి ఉండటం మామూలే. ఇక్కడ ఉన్నది పొడి కాదు, ఇనుప పెళ్లలు. ఎర్రగా ఉండాల్సిన ఆయిలు నల్లగా ఉంది. ఫిల్టరు మూతి పూర్తిగా పూడుకుపోయింది. క్లచ్ ప్లేట్ల మీది రాపిడి పొర ఊడిపోయి ఉక్కు బయటపడింది. బేరింగులు వేడికి నీలం తిరిగి పాడైపోయాయి. ముందు భాగంలోవి అరుగుదల వల్ల పోయాయి. వెనక భాగంలోవి ఆ ఒక్క సాయంత్రపు దిగుడులో పోయాయి. విప్పిన కుర్రాడు నెమ్మదిగా అన్నాడు: "సార్, లారీ మీదికి ఎక్కించి తెచ్చుంటే సగమైనా మిగిలేది."

బాగు చేయడానికి చెప్పిన ఖర్చు కారు ధరను దాటింది. పెదనాన్న ఎవరినీ ఏమీ అనలేదు. కారు స్క్రాపుకు పోయింది. ఇంజను అప్పటికీ చక్కగా తిరుగుతోంది, దాన్ని విడిగా అమ్ముకున్నారు. ఆ తర్వాత ఏ కార్తీకంలోనూ ఆయన తన కారులో అరకు వెళ్లలేదు. ఫొటింగర్ కథ ఎవరికీ చెప్పలేదు.

కర్ణుడి చావుకు కారణాలనేకం అంటారు. ఈ కారుకూ అంతే. పుస్తకంలోని మాట, చల్లగా చూసిన మట్టం, చెమర్చిన గొట్టం, సీసా మందు, కొత్త రబ్బరు, కొండ ఎక్కుడు, లారీ దిగుడు. ఏ ఒక్కటీ విడిగా దాన్ని చంపేది కాదు. అన్నిటి వెనకా ఉన్న తప్పు మాత్రం ఒక్కటే. ప్రతి ఒక్కరూ శబ్దాన్ని పోగొట్టాలని చూశారు, అది ఎక్కడి నుంచి వస్తోందని ఎవరూ అడగలేదు. కారు చివరి నెలల్లో చప్పుడు చేయలేదు. ఆ నిశ్శబ్దాన్నే ఆరోగ్యమనుకున్నారు.

మీ ఇంట్లో అలాంటి పాత పెద్ద కారు ఉంటే నాదొక మనవి. కూత వినబడితే ముందు గమనించండి: కారు నిలబడి ఉండగా వస్తోందా, నడిస్తేనే వస్తోందా, ఇంజను వేగంతో పెరుగుతోందా, చక్రాల వేగంతోనా. ఆ సమాధానాలు మెకానిక్‌కు చెప్పండి. మట్టం ఇంజను తిరుగుతుండగా, సరైన వేడిలో చూడమనండి. ట్రే విప్పించి అయస్కాంతాల మీద ఏముందో మీ కళ్లతో చూడండి. ఫిల్టరుతో పాటు, ఆ గేరుబాక్సుకు నిర్దేశించిన ఆయిలే పోయించండి. సీసా మందులు వద్దు. ఘాట్ ఎక్కేటప్పుడు గేరును కింది స్థాయిలో నిలపండి, దిగేటప్పుడూ అంతే. కాలిన వాసన వస్తే కారు ఆపి, చల్లారనిచ్చి, ఇక ఎక్కకండి. ఆగిపోతే కారును లారీ మీదికి ఎక్కించే తీసుకురండి, ఎంత ఆలస్యమైనా సరే. ఇందులో ఏదీ కష్టమైన పని కాదు. మొదటి కూత వినబడిన వారంలో చేయించి ఉంటే మా పెదనాన్న కారు ఇంకా కొండ ఎక్కుతూ ఉండేది.