అగరొత్తిలో అగరేది?

నేటి అగరొత్తుల్లో చాలావాటిలో అగరు ఉండదు. వెదురుపుల్ల, బొగ్గుపొడి, జిగురు, అత్తరు, అంతే. అసలు అగరు అస్సాం వైపు పెరిగే చెట్టుది. ఆరోగ్యంగా ఉన్న చెట్టు కలప తెల్లగా, తేలిగ్గా, వాసన లేకుండా ఉంటుంది. పురుగు తొలిచి, ఆ గాయంలో బూజు చేరితే చెట్టు తనను కాపాడుకోవడానికి ఒక జిగురు ఊరుస్తుంది. అది ఏళ్ల తరబడి ఇంకి, కలప నల్లబడి అగరవుతుంది.

సంస్కృతంలో 'అగురు' అంటే బరువు లేనిదని వ్యుత్పత్తి చెబుతారు. నాకది అతకదనిపిస్తుంది. మేలురకం ముక్క నీళ్లలో మునిగిపోతుంది. చైనావాళ్లు దాన్ని 'మునిగే పరిమళం' అనే పిలుస్తారు. ఊదువత్తిలోని 'ఊదు' కూడా అగరు పేరే; అరబ్బీ 'ఊద్', అంటే కర్ర.

అగరు చెట్టు బెరడు మీద అస్సాంలో గ్రంథాలూ రాసేవారు. కామరూప (నాటి అస్సాం) రాజు భాస్కరవర్మ హర్ష చక్రవర్తికి పంపిన కానుకల్లో అలాంటి పుస్తకాలున్నాయని బాణుడు హర్షచరితంలో చెప్పాడు.