ఒరంగి: జనం తవ్వుకున్న మురుగుకాలవలు

కరాచీలో ఒరంగి పెద్ద బస్తీ. 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ అక్కడికొచ్చేటప్పటికి ఇళ్ళ మురుగంతా వీధిలోనే. సర్కారే వెయ్యాలని జనం ఎదురుచూపు. ఒకప్పుడు ఐసీఎస్ వదిలేసిన ఈ పెద్దాయన పనిని రెండుగా విడగొట్టాడు: మరుగుదొడ్డి, వీధి పైపు జనానివి, పెద్ద కాలవ, శుద్ధి సర్కారువి. వీధికి 20-30 ఇళ్ళవాళ్ళు చందాలేసుకుని, కాంట్రాక్టరు లేకుండా తవ్వుకున్నారు. ఖర్చు బాగా తగ్గింది.

మనం మాడ్యూళ్ళు, ఇంటర్‌ఫేస్ అంటామే, అదే ఇది! కాకపోతే సర్కారు మాడ్యూల్ వెనకబడింది. మురుగు శుద్ధి కాకుండానే నాలాల్లో పడి సముద్రం దారి పట్టింది.

ఆ నాలాల్నీ, బస్తీల్నీ ఏళ్ళ తరబడి మ్యాపుల్లోకెక్కించిన ఆర్కిటెక్టు పర్వీన్ రెహమాన్. భూకబ్జాల గురించి కూడా గట్టిగా మాట్లాడేది. 2013లో ఆమెని కాల్చి చంపారు. మురుగుకాలవంటే ఉత్త పైపులూ వాలూ లెక్కేనంటారా?