అత్తమ్మ తుంటిలోని బంతి

మా అత్తమ్మకు తుంటి కీలు మార్చాక డాక్టరు మూడు మాటలు చెప్పారు. కింద కూర్చోవద్దు, కాలు మీద కాలు వేయొద్దు, బాగా ముందుకు వంగొద్దు. లేదంటే బంతి గిన్నెలోంచి జారుతుందట. సూర్యాపేటలో మా ఇంట్లో బియ్యం ఏరినా, బతుకమ్మ పేర్చినా కిందే కూర్చుంటాం. ఎందుకీ భయం అని చదివితే అరవై ఏళ్ల కథ దొరికింది.

ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే డాక్టరు మొదట టెఫ్లాన్ గిన్నె అమర్చాడు. కొన్నేళ్లకే అది అరిగిపోయి ఎంతోమందికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. 1962లో పాలిథిలిన్ గిన్నె తెచ్చాడు. రాపిడి తగ్గాలని లోహపు బంతిని 22 మిల్లీమీటర్లకే ఉంచాడు. అరుగుదల తగ్గింది. కానీ చిన్న బంతి గిన్నె అంచు దాటి తేలిగ్గా జారుతుంది.

పెద్ద బంతి పెడితే ప్లాస్టిక్ ఎక్కువ అరుగుతుంది. అందుకే లోహపు గిన్నెలో పెద్ద లోహపు బంతి పెట్టి చూశారు. జారడం తగ్గింది గానీ లోహపు పొడి ఒంట్లో చేరింది. అలాంటి ఏఎస్ఆర్ కీలును డిప్యూ కంపెనీ 2010లో వెనక్కి తీసుకుంది.

1990ల చివర రేడియేషన్‌తో గట్టిపరిచిన ప్లాస్టిక్ వచ్చింది. అది తక్కువ అరుగుతుంది కాబట్టి 32, 36 మిల్లీమీటర్ల బంతులు పెట్టగలుగుతున్నారు. అయినా గిన్నె కూర్చున్న కోణం, కండరాల బలం కూడా ముఖ్యమే. డాక్టరు మాట దాటకూడదు.

మీ ఇంట్లో ఈ ఆపరేషన్ ఉంటే బంతి ఎంత, దేనితో చేసింది అని అడిగి కాగితం దాచుకోండి.

మొన్న కోదాడ, మిర్యాలగూడ నుంచి ఆడబిడ్డలు వచ్చారు. బతుకమ్మను బల్ల మీద పెట్టాం. అత్తమ్మ ఎత్తు కుర్చీలో కూర్చునే పేర్చింది.