రామప్పగుడిలో శాసనపాఠము



నేను పల్లెటూరి ఉన్నతపాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. చరిత్రోపాధ్యాయుడు సెలవులో నున్నపుడు ఆ పాఠము కూడ నామీదనే పడుచుండెడిది. కాకతీయుల ప్రకరణము వచ్చినపుడెల్ల నాకు మిక్కిలి ఉత్సాహము. "బాలురారా, లోకమున గుళ్ళు దేవునిపేరనో, కట్టించిన ప్రభువుపేరనో పిలువబడును. శిల్పిపేర పిలువబడునది మన పాలంపేటగుడి. రామప్ప యను శిల్పి దానిని గట్టెను" అని గొంతెత్తి చెప్పుచుంటిని. పిల్లలు కన్నులు విప్పార్చి వినెడివారు. ఒకనాడు వెనుకవరుసలోని బాలుడొకడు లేచి, "అయ్యగారూ, ఆ రామప్ప పేరు ఎక్కడ వ్రాసియున్నదండీ?" అని యడిగెను. నాకు తెలియదు. తెలియదని యనుటకు నోరు రాలేదు. "అధికప్రసంగమా?" యని గద్దించి, గంట కొట్టువరకు వానిని బల్లమీద నిలువబెట్టితిని.

ఉద్యోగము నన్ను విడిచినను ఆ ప్రశ్న విడువలేదు. గడచిన మాఘమాసమున చేతిసంచిలో ఒక మరచెంబును, పాలంపేట శాసనపు ముద్రితపాఠమును బెట్టుకొని బయలుదేరితిని. ఆ శాసనమును 1919లో నిజాము ప్రభుత్వపు పురావస్తుశాఖవారు అచ్చువేయించిరి. ఆ శాఖకు అధిపతిగా నుండిన గులాం యజ్దానీగారు 1922లో పాలంపేట దేవాలయములను గూర్చి ప్రత్యేకముగా నొక గ్రంథమును ప్రకటించిరి. ఇన్ని యేండ్లు అవి లోకమున నుండగా నేను చదువకుండుట నా లోపమే గాని వారిది గాదు.

వరంగల్లునుండి ములుగు మీదుగా పోవలెను. దూరము సుమారు 70 కిలోమీటర్లు. బస్సు దిగి, ఆటోలో గూర్చుండి, వరిమళ్ళ నడుమనుండి పాలంపేట జేరునప్పటికి ప్రొద్దు జామెడు పొడిచినది.

గుడి పెద్దది కాదు. శ్రీరంగమును, మధురను జూచి వచ్చినవారికి మొదట "ఇంతియేనా?" యని తోచును. నాకును తోచినది. ప్రదక్షిణము మొదలిడినపిదప ఆ మాట నిలువలేదు. గుడి యంతయు నక్షత్రాకారముగల యెత్తైన యరుగుమీద నున్నది. ఆ యరుగు ఇంచుమించు నిలువెత్తు. భక్తుడు దానిమీదనే తిరుగును గనుక గోడలమీది శిల్పము సరిగా కంటియెదుట నుండును. గోడ యడుగున ఏనుగులబారు గుడిచుట్టును నడచుచున్నది. గోడలు ఎఱ్ఱని ఇసుకరాతివి. లోపలి స్తంభములును, ద్వారములయొద్ద చూరుక్రింది బొమ్మలును నల్లరాతివి. ఆ నల్లరాయి యెట్టి కఠినమైనదనగా ఉలి జారవలసినదే. అట్టిదానిని అద్దమువలె నునుపుచేసినారు. మూడుదిక్కుల మూడు వాకిళ్ళు. వాని చూరులక్రింద పండ్రెండుగురు స్త్రీలు నాట్యభంగిమలతో ఒరిగి నిలిచియున్నారు. ఒకతె నాగిని, మేన పాములు చుట్టుకొన్నది. మఱియొకతె పాదములకు ఎత్తుమడమల చెప్పులు! మా మనుమరాండ్రు పట్టణమునుండి తొడిగికొని వచ్చినపుడు నేను విసుగుకొనుచుండెడివాడను. ఇకమీదట మాటలాడను.

శిథిలమైన మంటపములోని నందిని గూర్చి ఒక్కమాట. తక్కిన గుళ్ళలో నంది పడుకొని నెమరువేయుచున్నట్లుండును. ఈ నంది స్వామి పిలిచినాడా యని చెవి నిక్కించి, లేవబోవుచున్నట్లున్నది. మెడలోని మువ్వలపట్టెడలు త్రాడు త్రాడుగా లెక్కింపవచ్చును. ఎడ్లను పెంచినవారు ఆ చెవులనొకసారి చూడవలెను. వానిని చెక్కినవాడు పశువులమంద నెఱిగినవాడే.

ఇక శాసనము. గుడి యావరణములోనే చిన్న మంటపములో నల్లని చతురస్రస్తంభముపై నది యున్నది. సంస్కృతశ్లోకములు, అక్షరములు ఆనాటివి. అచ్చుప్రతి ప్రక్కన బెట్టుకొని వ్రేలితో ఒక్కొక్కపంక్తి తడవుచు చదివితిని. నాలుగుముఖములును ముగియునప్పటికి ప్రొద్దు నడినెత్తికి వచ్చినది.

మొదట దేవతాస్తుతి, పిదప కాకతిరాజుల ప్రశంస, పిదప రేచెర్లవారి వంశము. ఆ వంశమునందు రుద్రుడను సేనాని గణపతిదేవుని కాలమున ఈ యాలయమును గట్టించి శివుని ప్రతిష్ఠించెను. స్వామిపేరు రుద్రేశ్వరుడు. ప్రతిష్ఠించినవాని పేరు దేవునికి బెట్టుట ఆనాటి యాచారము. ఆవరణములోని యుపాలయములకు కాటేశ్వర కామేశ్వరులని పేరు. కాటడు, కాముడు అను పేర్లు రుద్రుని పూర్వులలో నున్నవి. హనుమకొండ వేయిస్తంభములగుడిలోని స్వామియు రుద్రేశ్వరుడే, కాని యచ్చటి రుద్రుడు వేఱు. ఆయన కాకతి రుద్రదేవమహారాజు, 1163 నాటివాడు. ఈ యిద్దఱిని కలిపివేయువారు చదువుకొన్నవారిలోను గలరు.

ఈ రేచెర్ల రుద్రుడు సామాన్యుడు గాడు. మహాదేవరాజు దేవగిరి యాదవులతోడి యుద్ధమున మరణించెను. ఆయన కుమారుడు గణపతిదేవుడు శత్రువులచేత జిక్కెను. రాజు లేని రాజ్యమున సామంతులు తలలెత్తిరి. అప్పుడు ఓరుగల్లును గాచి, సామంతుల నణచినవాడు రుద్రుడే. 1199లో గణపతిదేవుడు విడుదలయై రాగా రాజ్యమును అతనికప్పగించెను. సింహాసనము చేతికందియుండగా తాను కూర్చుండలేదు. శాసనము రుద్రుని కొనియాడిన తీరు చూడగా ఆ సంగతి ఆకాలమువారందఱెఱిగినదే యని తోచును.

ప్రతిష్ఠకాలము మీ పంచాంగములతో సరిచూచుకొనవచ్చును. శకవర్షము 1135, శ్రీముఖసంవత్సరము, చైత్రశుద్ధాష్టమి, ఆదివారము, పుష్యమీనక్షత్రము. ఇంగ్లీషు లెక్కకు 1213 మార్చి 31. మనలో చాలమంది చూచిన శ్రీముఖ 1993లో వచ్చినది. మధ్య 780 సంవత్సరములు, అనగా సరిగా పదుమూడు షష్టిచక్రములు. ప్రతిష్ఠకు మరునాడు శ్రీరామనవమి. దీనినిబట్టి రామప్ప పేరునకు కొత్తకథ యల్లుటకు బుద్ధి పుట్టును గాని, కథ లల్లి చెడినవాడను గనుక అల్లను.

అంత వ్రాసిన ఆ రాతిమీద రామప్ప లేడు. ప్రభువు పేరున్నది, వంశమున్నది, తిథివారనక్షత్రములున్నవి. శిల్పి పేరు లేదు. స్వామికి రామలింగేశ్వరుడను పేరు వాడుకలో గలదు. ఆ రాముని పేరునకు గౌరవార్థమైన "అప్ప" చేరి గుడికి, చెరువునకు రామప్ప యని వచ్చియుండునని నా యూహ. ఊహ నూహగానే చెప్పుచున్నాను. పిల్లలకు చెప్పినది ఊహ యని నాడు చెప్పలేదు.

అక్కడ దారిచూపువాడొకడు యాత్రికులకు విశేషములు చెప్పుచుండెను. జాయపసేనాని నృత్తరత్నావళిని చూచి ఈ బొమ్మలను చెక్కినారనెను. గుడి 1213 నాటిది. జాయపసేనాని గ్రంథము 1253-54 ప్రాంతమునది. తండ్రి పెండ్లికి కొడుకు తోరణము గట్టినట్లున్నది! గుడిలో నీ భంగిమలు నిలిచిన నలువదియేండ్లకు జాయప తన గ్రంథమును వ్రాసెను. మన కాలమున నటరాజ రామకృష్ణగారు పేరిణినృత్యమును పునరుద్ధరించినపుడు ఆ గ్రంథమును, ఈ శిల్పములను రెంటిని కలిపి పరిశీలించిరి. అది సరియైన మార్గము.

ఆ కుఱ్ఱవాడే మార్కోపోలో యను వెనీసు యాత్రికుడు ఈ గుడిని "నక్షత్రము"తో పోల్చినాడని కూడ చెప్పెను. మార్కోపోలో తన గ్రంథమున మోటుపల్లి దేశమును వర్ణించినమాట నిజము. అచ్చటి రాణిని, వజ్రములను, సన్నని వస్త్రములను కొనియాడినాడు. గుడి ప్రసక్తి యందు లేదు. వానిని నేను మందలింపలేదు. బల్లమీద నిలువబెట్టవలసినవారిలో మొదటివాడను నేనే గదా.

నిజముగా చెప్పదగిన విశేషములు ఈ గుడికి తక్కువా? శిఖరపు ఇటుకలు నీటిలో వేసిన తేలును. మన్నులో కాలిపోవు పదార్థమును గలిపి కాల్చుటచేత ఇటుక లోపల సూక్ష్మరంధ్రము లేర్పడి తేలికయైనదని పరిశోధకులు చెప్పుదురు. బరువైన రాతిగుడి మీద బరువు తక్కువ శిఖరము! పునాదిలో ఇసుక నింపినారు. నేల కొంత యెగుడుదిగుడైనది, దూలములు కొన్ని బీటలు వారినవి, గుడి మాత్రము నిలిచియున్నది. 2021 జూలైలో యునెస్కోవారు దీనిని ప్రపంచవారసత్వసంపదలలో జేర్చిరి. ఆ పట్టికలో రుద్రేశ్వరాలయము అని మొదట వ్రాసి, రామప్ప పేరును కూడ జేర్చినారు. శాసనముపేరును, జనుల పేరును రెండును నిలిచినవి.

సాయంకాలము చెరువుకట్ట నెక్కితిని. రామప్పచెరువు కూడ ఆ కాలపుదే. ఎనిమిదివందలయేండ్లు గడచినను దాని నీరు పొలములకు పారుచున్నది. కట్టమీద కూర్చుండి అస్తమయము వఱకు నీటిని జూచితిని. ఆ నల్లరాతిని నునుపుజేసిన చేతులు ఎవరివో, ఎందఱివో! రామప్ప యని ఒక్కనిపేరు జెప్పి అందఱిని ముప్పదియేండ్లు నేనే మఱుగుపఱచితినని నాడు తోచినది.

ఇంటికి వచ్చి ఆ శిష్యుని చిరునామా కనుగొని ఉత్తరము వ్రాసితిని. ఇప్పుడతడు నడివయస్సువాడు, సేద్యము చేసికొనుచున్నాడు. "నాయనా, నీ ప్రశ్నకు ఉత్తరము దొరకినది. ఎక్కడను వ్రాసియుండలేదు. నాడు నీవు కూర్చుండవలసినవాడవు, నేను నిలువవలసినవాడను" అంటిని.

పదునైదుదినములకు ప్రత్యుత్తరము వచ్చినది. "అయ్యగారికి నమస్కారములు. ఆ ప్రశ్న నేనెన్నడో మఱచితిని. బల్లమీద నిలిచినది మాత్రము జ్ఞాపకమున్నది. మా పిల్లవాడు ఎనిమిదవతరగతిలో ఆ పాఠమే చదువుచున్నాడు. వరికోతలు కాగానే వానిని వెంటబెట్టుకొని వచ్చెదను. తమరు దయచేసి శాసనము చదివి చూపవలెను" అని యందున్నది.

కోతలు ముగియవచ్చినవి. అచ్చుప్రతి మరల సంచిలో బెట్టుకొంటిని.